మారని వాయిదా, తరగని అసలు

2022వ సంవత్సరము మే 4వ తేదీన రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ గారు, ముందుగా నిర్ణయించిన సమావేశమునకు నెల రోజులు గడువుండగనే, రెపో రేటును 4 శాతము నుండి 4.40 శాతమునకు పెంచినట్లు ప్రకటించిరి. మరునాటి పత్రికలలో ఆ వార్త ప్రముఖముగనే వచ్చినది. అయినను మనలో పెక్కుమంది ఆ పుటను చదివియు చదువకయే త్రిప్పివేసి యుందుము. నూటికి ఏటికి నలుబది పైసలనగా ఎవరి గుండె ఝల్లుమనును? మన యూళ్లలో వడ్డీ లెక్కించునది ఏటికి కాదు, నెలకు. "నూటికి రెండు రూపాయలు" అన్నచో సంవత్సరమునకు 24 శాతమని వేరుగ చెప్పనక్కరలేదు. ఆ లెక్కకు అలవాటుపడిన చెవికి నలుబది పైసల మాట ఒక మాటగనే తోచదు.

కాని పెంపుదల అంతటితో ఆగలేదు. జూనులో 4.90, ఆగస్టులో 5.40, సెప్టెంబరు 30న 5.90, డిసెంబరులో 6.25, 2023 ఫిబ్రవరి 8న 6.50. ఆరు విడతలుగ, తొమ్మిది మాసములలో, రెండున్నర శాతము పెరిగినది. ఈ రెండున్నర శాతము ఎవరి యింటికి ఏ దారిన వచ్చినది, ఎవరి గుమ్మము తొక్కలేదు అన్నది పాఠకులతో కలసి విచారింపదగిన విషయము. వడ్డీ పెంచుట మంచిదా చెడ్డదా అను వాదము ఆర్థికవేత్తలు చేయుచునే యుందురు. దానికంటె ఆ పెంపు గృహస్థునకు తెలిసి వచ్చినదా, తెలియక వచ్చినదా అన్న ప్రశ్నయే నాకు ముఖ్యముగ తోచుచున్నది.

రెపో అనగా నేమో విద్యార్థుల కొరకు ఒక్క మాట. బ్యాంకులు తమ వద్దనున్న ప్రభుత్వ ఋణపత్రములను రిజర్వు బ్యాంకునకు అప్పగించి, తిరిగి కొనుక్కొందుమను ఒప్పందముతో కొద్దికాలమునకు సొమ్ము తెచ్చుకొనును. ఆ సొమ్ముపై చెల్లించు వడ్డీయే రెపో రేటు. టోకు ధర పెరిగినచో చిల్లర ధర పెరిగినట్లు, ఇది పెరిగినచో బ్యాంకులు మనకిచ్చు అప్పులపై వడ్డీ పెరుగును. ఈ రేటును 2016 నుండి ఆరుగురు సభ్యుల సంఘమొకటి నిర్ణయించుచున్నది. ధరల పెరుగుదల నాలుగు శాతము దాపున ఉండునట్లు, ఎంత తప్పినను ఆరు శాతము మించకుండునట్లు చూచుట ఆ సంఘము బాధ్యత. 2022 ఏప్రిల్‌లో ధరల పెరుగుదల 7.79 శాతము. కావున చేతులు కట్టుకొని కూర్చుండుటకు వారికి వీలు లేకపోయినది.

అయితే ఆ ధరలు ఎందువలన పెరిగినవి? ఆ ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తినది. మన వంటిండ్లలో వాడుక పడిన ప్రొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ పాలు ఆ రెండు దేశముల నుండి వచ్చునదే. ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిలు ఎగుమతిని కొంతకాలము నిలిపివేసినది. ముంబాయిలో వడ్డీ పెంచినంత మాత్రమున నల్లసముద్రపు రేవులలో ఓడలు కదలవు గదా అని ఆనాడు పలువురు ఆక్షేపించిరి. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. వడ్డీకి సరకును పుట్టించు శక్తి లేదు. కొనువాని చేతిని వెనుకకు లాగు శక్తి మాత్రమే కలదు. 2023 జూలైలో ఈ సంగతి మరింత స్పష్టముగ కనబడినది. రెపో 6.50 వద్ద నిలకడగ నుండగనే మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో నూరు రూపాయలు దాటిపోయినది. దేశములో ధరల పెరుగుదల 7.44 శాతమునకు ఎగబ్రాకినది. ఈసారి రిజర్వు బ్యాంకు వడ్డీ జోలికి పోలేదు. కొత్త పంట సంతకు వచ్చినది, ధర దానంతట అదియే దిగినది. 2022లో మాత్రము ఒక్క నూనెయే గాక పెట్రోలు మొదలు సమస్త వస్తువుల ధరలు ఒకదాని వెంట నొకటి కదలుచుండెను. ధరలు ఇంకను పెరుగునను నమ్మకము ఒకసారి జనుల మనసులో నాటుకొన్నచో, వర్తకుడు ముందే ధర పెంచును, కొనువాడు ముందే కొని దాచుకొనును. ఆ నమ్మకమును త్రుంచుటకే వడ్డీ పెంచవలసి వచ్చినదని పెంచినవారి సమాధానము. దానిని కొట్టివేయుటకు నాకు ధైర్యము చాలదు.

ఇక ఇంటి గుమ్మమునకు వత్తము.

మన దేశములో రిజర్వు బ్యాంకు తన రేటును మొట్టమొదట పెంచినది 1951 నవంబరులో. నాడు బ్యాంకు రేటు 3 శాతము నుండి 3½ శాతమైనది. ఆ వార్త విని కలతపడిన గృహస్థులు బహు స్వల్పము. ఏలనన బ్యాంకులో అప్పున్న గృహస్థులే అరుదు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి విచారణ ప్రకారము, గ్రామములలో రైతులు చేసిన అప్పులో నూటికి డెబ్బది పాళ్లు వడ్డీవ్యాపారులవే. సహకార సంఘముల వంతు మూడు పాళ్లు. వాణిజ్య బ్యాంకుల వంతు ఒక పాలునకు లోపే. నాటి పెంపుదల ఓడరేవుల యందలి వర్తకశాలలకు, మిల్లులకు తగిలి అక్కడనే ఆగిపోయినది.

డెబ్బది యేండ్లు గడచుసరికి స్థితి తారుమారైనది. నేడు మండల కేంద్రమున పని చేయు ఉపాధ్యాయుడు సయితము బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకొనుచున్నాడు. అది సంతోషింపదగిన మార్పే. పైగా 2019 అక్టోబరు 1 నుండి బ్యాంకులు కొత్తగ ఇచ్చు గృహఋణములపై వడ్డీని రెపో వంటి బాహ్యప్రమాణమునకు ముడిపెట్టి తీరవలెనని, మూడు నెలలకొకసారి యైనను సవరింపవలెనని రిజర్వు బ్యాంకు శాసించినది. ఈ నియమము అప్పుదారుని మేలుకోరి చేసినదే. అంతకు పూర్వము పైన రేటు తగ్గినను బ్యాంకులు క్రింద తగ్గించుటకు తాత్సారము చేయుచుండెడివి. 2020లో రెపో 4 శాతమునకు దిగినప్పుడు ఈ ముడి మూలముననే అప్పుదారులకు ఆ లాభము త్వరగ అందినది. కాని నీరు దిగిన కాలువలోనే వరదయు వచ్చును. 2022లో జరిగినదదియే.

మా మిత్రులొకరు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితము బోధింతురు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉద్యోగుల విరమణ వయస్సును 60 నుండి 62 ఏండ్లకు పెంచినది. అప్పటికి ఆయనకు నలుబది రెండేండ్లు. ఇరువది యేండ్ల గడువు సరిగ సరిపోవునని ధైర్యము చేసి, ఆ ఏప్రిల్‌లో 7 శాతము వడ్డీకి 25 లక్షల రూపాయలు తీసికొనిరి. బ్యాంకు పేరుతో మనకు పనిలేదు. నెలసరి వాయిదా 19,382 రూపాయలు. ప్రతినెల అయిదవ తేదీన ఆ మొత్తము జీతపు ఖాతా నుండి పోవుచుండెను. ఒక్క రూపాయి హెచ్చలేదు, తగ్గలేదు. వడ్డీ ఆరుసార్లు పెరిగినట్లు ఆయన పత్రికలో చదువుచునే యున్నారు.

"వాయిదా మారలేదు కదండీ, అది కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళ గొడవేమో అనుకున్నాను" అని ఆయనే చెప్పి నవ్విరి. లెక్కల మాష్టారు లెక్కలో పడిన సంగతి గనుక ఆ నవ్వు కొంత చేదుగనే యుండెను.

లెక్క యేమన, లక్ష రూపాయలను 7 శాతము వడ్డీకి 20 ఏండ్లలో తీర్చుటకు నెలకు 775 రూపాయలు కట్టవలెను. మొదటి నెల అందులో 583 రూపాయలు వడ్డీకే పోవును. అసలునకు జమపడునది 192 రూపాయలు. దీర్ఘకాలపు అప్పులన్నియు ఇట్టివే. తొలి యేండ్లలో కట్టునదంతయు దాదాపు వడ్డీయే. ఇప్పుడు వడ్డీ 9½ శాతమైనదనుకొనుడు. లక్షపై నెలవడ్డీయే 792 రూపాయలు. వాయిదా 775. అనగా వాయిదా మొత్తము సమర్పించినను ఆ నెల వడ్డీ తీరదు. తీరని పదునేడు రూపాయలు అసలులో కలియును. పాఠశాలలో మనము చెప్పు చక్రవడ్డీ ఇదియే. ఈ అప్పు ఎన్నేండ్లకు తీరునని ఎవరైన అడిగినచో, ఎన్నటికిని తీరదని చెప్పవలెను.

మా మిత్రుని విషయమున వడ్డీ ఒక్కసారి గాక మెట్లుమెట్లుగ పెరిగినది గనుక మొదటి నెలలలో అసలు కొంత తగ్గినది. 2023 వేసవిలో ఆయన బ్యాంకునకు పోయి ఖాతా పత్రము తెప్పించి చూచుకొనిరి. ఏడాదిలో కట్టినది రెండు లక్షల ముప్పది వేలకు పైమాట. అసలులో తగ్గినది ఇరువది వేల దాపు. అప్పటి వడ్డీ నెలకు 19,600 పైబడి యుండగ వాయిదా 19,382. నెలకు రెండు వందల యేబది రూపాయల వంతున అప్పు తిరిగి పెరుగ నారంభించినది. గడువు గడిలో ఆయన విరమణ తేదీని దాటి ఎక్కడికో పోయిన సంవత్సరమొకటి అచ్చుపడి యున్నది.

ఇందు బ్యాంకు చేసిన మోసమేదియు లేదు. ఒప్పంద పత్రములో వడ్డీ మారునని యున్నది, వాయిదా గాని గడువు గాని సవరించు అధికారము బ్యాంకునకు కలదని యున్నది, క్రింద మా మిత్రుని సంతకమున్నది. వాయిదా పెంచినచో అప్పుదారుడు ఉలికిపడును, కొందరు కట్టలేకపోవుదురు. గడువు పెంచినచో ఎవరును ఉలికిపడరు. బ్యాంకునకు సులభమైన దారి అదియే. నా అభ్యంతరమెల్ల ఈ నిశ్శబ్దముపైననే. ఇంటి బడ్జెటులో నాలుగు వేలు తగ్గినదని తెలిసినచో గృహస్థు సర్దుకొనుటకు తన ప్రయత్నము తాను చేయును. తెలియనప్పుడు, ఖర్చు తగ్గింపవలెనను వడ్డీ పెంపుదల ఉద్దేశ్యమైన నెరవేరునా? అతడు మునుపటివలెనే ఖర్చు చేయును. భారము మాత్రము అరువది యేండ్లు దాటిన పిదప మోయవలసి వచ్చును.

ఈ దెబ్బ అందరికిని ఒకే రీతిగ తగలలేదనుటకు మరియొక లెక్క. అదే లక్ష రూపాయల అప్పులో, అదే 7 శాతముపై పదియేండ్లు కట్టి పదియేండ్లు మిగిలినవాడు ఉన్నాడనుకొందము. అతని బాకీ 66,800 రూపాయల దాపు. వాయిదా మార్చకుండ వడ్డీ 9½ చేసినచో అతనికి అదనముగ కట్టవలసినవి ఇరువదియైదు నెలలు. సగము దారి నడచినవానికి రెండేండ్లు. అప్పుడే గడప దాటినవానికి అంతములేని బాట. వడ్డీ తక్కువగ నున్నదని విని, 2021, 2022లలో కొత్తగ ఇండ్లు కొన్నవారే ఎక్కువ నలిగిరి. చౌకగ దొరకినదని ఋణము చేసినవారికి ఆ చౌకయే ఉరియైనది.

2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఈ విషయమై ఉత్తరువు జారీ చేసినది. వడ్డీ సవరించునప్పుడు దాని ఫలితము వాయిదాపై ఎంత, గడువుపై ఎంత అన్నది అప్పుదారునకు తెలుపవలెను. వాయిదా పెంచుకొందువా, గడువు పెంచుకొందువా, రెండును కొంతకొంత పెంచుకొందువా అని అడుగవలెను. గడువు పెంచుట వలన అసలే పెరుగు స్థితి రానీయరాదు. మూడు నెలలకొకసారి, అంతవరకు అసలునకు వడ్డీకి జమయైనదెంత, మిగిలిన వాయిదాలెన్ని, వడ్డీ శాతమెంత అను వివరముల పత్రమును అందజేయవలెను. రావలసిన ఉత్తరువే, కాని చివరి పెంపుదల జరిగిన ఆరు నెలలకు వచ్చినది. పాఠకులలో గృహఋణమున్నవారు ఆ పత్రమును అడిగి తీసికొని, మిగిలిన వాయిదాల సంఖ్యను ఒక్కసారి చూచుకొందురు గాక.

మా మిత్రులు గడువును పాత తేదీకే తెప్పించుకొనిరి. అందులకు వాయిదా 23,500 రూపాయలు దాటినది. నెలకు నాలుగు వేలు కట్టుచుండిన చీటీని అంతటితో మానివేసిరి. కుమార్తె పెండ్లికని వేసిన చీటీ అది.

ఇట్టి ఇంటికి పది మైళ్లలో గల పల్లెకు పోయి చూచినచో ఈ రెండున్నర శాతము ఊసే వినరాదు. పట్టా చేత గల రైతునకు మూడు లక్షల వరకు పంటఋణము 7 శాతమునకు లభించును. గడువులోపల తీర్చినచో కేంద్రము భరించు రాయితీ పోను అతనికి పడునది 4 శాతమే. రెపో పెరిగినను ఆ నాలుగు మారలేదు. అతని ప్రక్క మడిలోనే కౌలు రైతు కలడు. అతని పేర భూమి లేదు. 2011లో కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చుటకు ఆంధ్రప్రదేశ్‌లో చట్టము వచ్చినది, 2019లో దాని స్థానమున మరియొకటి వచ్చినది. అయినను బ్యాంకు మెట్లెక్కి అప్పుతో దిగివచ్చిన కౌలు రైతులు కొద్దిమందియే. తక్కినవారికి ఎరువుల కొట్టువాడే బ్యాంకు. అరువుపై ఎరువిచ్చును, నూటికి రెండు వేయును, పంట తన కాటాకే తోలవలెననును. 2022 మేకు ముందు నూటికి రెండే, 2023 ఫిబ్రవరి తరువాత నూటికి రెండే. ఒకే గట్టునకు అటు నాలుగు, ఇటు ఇరువదినాలుగు. రిజర్వు బ్యాంకు చేయి ఈ ఇరువురిని తాకలేదు. ఒకనిని ప్రభుత్వము అడ్డు నిలిచి కాచినది, రెండవవాడు ఆ చేతికి అందనంత దూరమున నున్నాడు. ఈ రెండవవాని వరకు 1951 నాటి విచారణను నేడు తిరిగి చేసినను ఫలితము పెద్దగ మారునని నేననుకొనను.

దాచుకొన్నవారికి వడ్డీ పెరిగినందులకు లాభము రావలెను గదా? వచ్చినది, కాని నెమ్మదిగ, సగముగ వచ్చినది. 2021లో అయిదేండ్లకు డిపాజిట్టు చేసిన వృద్ధునకు నాటి తక్కువ వడ్డీయే ఖాయమైనది. ఆ అయిదేండ్లు అది కదలదు. సేవింగ్సు ఖాతాలలో వడ్డీ మూడు శాతము దాపుననే నిలచినది. 2022-23లో ధరలు సగటున 6.7 శాతము పెరిగినవని గుర్తుంచుకొన్నచో, బ్యాంకులో దాచిన సొమ్ము ఎవరికి పని చేసినదో తెలియును. వయోవృద్ధుల పొదుపు పథకముపై వడ్డీ మాత్రము 7.4 నుండి అంచెలుగ 2023 ఏప్రిల్‌కు 8.2 శాతమైనది, అది మేలు. 2004 సెప్టెంబరునకు పూర్వము కొలువులో చేరిన ఉపాధ్యాయుల ప్రావిడెంటు ఫండుపై 2020 ఏప్రిల్‌లో 7.1 శాతము వడ్డీ నిర్ణయమైనది. రెపో నాలుగున్నప్పుడు 7.1, ఆరున్నరయైనప్పుడును 7.1. అప్పుపై వడ్డీ మూడు నెలలలో నడచి వచ్చును. పొదుపుపై వడ్డీకి కాళ్లు లేవు.

విదేశములలో చదువుకొను మన పిల్లల మాట కూడ చెప్పవలెను, ఏలనన తెలుగుదేశమున ఆ ఇండ్లు నేడు తక్కువ కావు. అమెరికా కేంద్రబ్యాంకు 2022 మార్చిలో శూన్యము దాపున నున్న తన వడ్డీని 2023 జూలై నాటికి 5¼–5½ శాతమునకు తీసికొనిపోయినది. అధిక వడ్డీని వెదకుచు ధనము ఆ దేశమునకు మరలినది. 2022 జనవరిలో 74, 75 రూపాయల మధ్యనున్న డాలరు అక్టోబరులో 83 దాటినది. ఇరువదివేల డాలర్ల రుసుము పదునైదు లక్షల లోపు నుండి పదునారున్నర లక్షలు దాటినది. ఆ పదునారున్నర లక్షలకు ఇక్కడ చేసిన అప్పుపై వడ్డీయు పెరిగినది. ఒకే కుటుంబమున రెండు దేశముల వడ్డీలు కలసికొనినవి. చదువు ముగియువరకు వాయిదాలు లేవు గనుక ఇక్కడను నిశ్శబ్దమే. వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును.

6.50 వద్ద రెండేండ్లు నిలచిన రెపో 2025 ఫిబ్రవరిలో దిగ నారంభించినది. ఆ నెల 6.25, ఏప్రిల్‌లో 6, జూనులో 5.50, డిసెంబరు 5న 5.25. మా మిత్రుల వడ్డీ 8¼ శాతమునకు వచ్చినది. తీసికొన్ననాటి ఏడింటికి ఇంకను ఒకటింబాతిక దూరము. వాయిదా తగ్గింతుమా అని ఈసారి బ్యాంకువారు అడిగిరట. మార్చవలదని, 23,500 చిల్లర అట్లే కోసికొనుడని ఆయన వ్రాసి యిచ్చిరి. వడ్డీ ఇక కదలకున్నచో అప్పు అనుకొన్న గడువుకంటె రెండేండ్లు ముందుగ తీరునని లెక్క వేసి చూపిరి. ఆ లెక్కను మాత్రము పెన్సిలుతోనే వ్రాసికొనిరి.